‘ఎక్స్‌ట్రీమ్ మౌంటెన్ బైక్’ స్టిక్కర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టిక్కర్ గారి సముఖానికి,

నల్లగొండ, పాలమూరు వైపు మట్టిబాటల మీద సైకిల్ తొక్కేవాళ్లు రాసుకున్న అర్జీ. తమరు అపార్ట్‌మెంట్ మెట్ల కింద, ఖాళీ నీళ్ల క్యాన్ల వెనక, రెండు టైర్లలోనూ గాలి లేకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం. కదిలితే కదా అపాయం!

తమరు అబద్ధాలాడతారని కాదు మా బాధ. స్టిక్కర్ అన్నాక ఆ మాత్రం ఆడాలి. ఆడేది తమరైతే శిక్ష ఇంకొకరికి పడుతోంది, అదీ సంగతి. నలభై దాటిన పెద్దమనిషి ఒకరు, చిన్నప్పటి సరదా మళ్లీ తీర్చుకుందామని తమ మెరుపు బొమ్మ చూసి ముచ్చటపడి కొంటారు. ఊరి బయట మొరం బాట ఎక్కుతారు. గుట్ట ఇంకా మొదలే కాదు, రొప్పుతూ దిగి నెట్టుకుంటూ ఇంటికొస్తారు. ‘వయసైపోయింది, ఇక మన వల్ల కాదు’ అని తీర్పు చెప్పేసుకుంటారు. వయసైపోయిన మాట నిజమే. కాకపోతే ఆయనకు కాదు, సైకిల్‌కు. అదీ కొన్న రోజే.

కాబట్టి తమ బిరుదులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే తప్పులేదనుకుంటాం.

మొదటిది ‘డ్యూయల్ సస్పెన్షన్’. సీటు కింద ఎర్రగా ఒక స్ప్రింగు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో ఒక స్ప్రింగు. స్ప్రింగు అణిగితే చాలదు. లేచేటప్పుడు దాన్ని పట్టి నెమ్మదిగా లేపడానికి లోపల ఆయిలూ వాల్వులూ ఉండాలి. డ్యాంపింగ్ అంటే అదే. తమ దగ్గర అది నిండుసున్నా. అందుకే రాయి ఎక్కితే వెనకభాగం ఎంత జోరుగా కుంగుతుందో అంతే జోరుగా సీటును పైకి తంతుంది. చదును రోడ్డు మీదేమో పెడల్ తొక్కిన ప్రతిసారీ కుంగి, కాలి సత్తువలో తన వాటా తను పుచ్చుకుంటుంది. వెనక చట్రం తిరిగే కీలులో బేరింగుకు బదులు ప్లాస్టిక్ బుష్ వేస్తారు. మా చెల్కల ఎర్రదుమ్ము అందులో దూరిందంటే అది ఎక్కువ కాలం నిలవదు. అనుమానమున్నవాళ్లు ఒక చేత్తో సీటు, ఇంకో చేత్తో వెనక టైరు పట్టుకుని పక్కలకు ఊపి చూడొచ్చు. టక్ టక్‌మంటే కీలు అరిగినట్టే. అదే డబ్బుకు వెనక స్ప్రింగు లేని హార్డ్‌టెయిల్ తీసుకుంటే రెండు మూడు కిలోల బరువు తగ్గుతుంది, మిగిలిన సొమ్ము బ్రేకులకూ టైర్లకూ పోతుంది.

తమ వంశచరిత్ర తమకు తెలియదేమో. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కొండదారిలో దిగుడు పందేలు మొదలుపెట్టారు. వాళ్ల సైకిళ్లకు స్ప్రింగనేదే లేదు. బరువైన పాత ఫ్రేములు, లావు బెలూన్ టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కొండ ఒకసారి దిగితే చక్రం నడిమి హబ్బులో గ్రీజు కాలి పొగలు చిమ్మేది, మళ్లీ గ్రీజు కూరుకుంటే గానీ ఇంకో పందెం లేదు. కుదుపు మింగే రాక్‌షాక్స్ వాళ్ల ఆర్‌ఎస్-1 ఫోర్క్ 1989లో గానీ రాలేదు. అంతకాలం జనం రాళ్లబాట దిగింది టైరు లావును, మోచేతుల వంపును నమ్ముకునే.

రెండో బిరుదు ‘21 స్పీడ్’. ఇరవై ఒకటి అంటే ఇరవై ఒక్క రకాలని పాపం జనం నమ్మకం. మామూలుగా వచ్చే లెక్క చూద్దాం. ముందు 42, 34, 24 పళ్లు. వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాలు. ముందు 42, వెనక 28 వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగితే టైరు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ముందు 24, వెనక 16 వేసినా సరిగ్గా ఒకటిన్నరే. 34కు 22 వేస్తే 1.55, అంటే కాలికి తేడా తెలియనంత. ఇలాంటి కవల పిల్లలను ఏరేస్తే చేతిలో మిగిలేవి పదమూడో పద్నాలుగో. అన్నిట్లో తేలిక గేరు 24 మీద 28. అది మన్యంకొండ ఘాట్ లాంటి ఎక్కుడుకు చాలదు. ముందు ఒక్కటే 32 పళ్ల చక్రం, వెనక 11 నుంచి 46 దాకా పది ఉన్న సైకిల్‌కు బోర్డు మీద రాసుకునే అంకె పదే. అయినా దాని తేలిక గేరు తమదానికన్నా ఐదోవంతు దాకా తేలిక, బరువు గేరుకూ తేలిక గేరుకూ మధ్య దూరం కూడా తమకన్నా ఎక్కువ. చెయిన్‌ను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరిపే డిరైల్యూర్ ముందువైపు లేదు కాబట్టి అది చెయిన్‌కు రాసుకునే గోల లేదు. ముందు చక్రం పళ్లు ఒకటి లావు ఒకటి సన్నం, వెనక డిరైల్యూర్‌లో చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే క్లచ్. రాళ్ల మీద ఎంత ఎగిరినా చెయిన్ ఊడదు.

వెనక ఇరుసు గురించి తమ స్టిక్కర్‌లో ఒక్క ముక్క లేదు. ఫ్రీవీల్ అనే ఏడు గేర్ల గుత్తిని హబ్బుకు మరలాగా బిగిస్తారు. గేర్లవైపు బేరింగ్ హబ్బు లోపలే ఆగిపోతుంది, అక్కణ్నుంచి ఫ్రేము దాకా ఇరుసుకు ఆసరా ఉండదు. చెరువు కట్ట మీంచి ఒర్రెలోకి దబ్బున దిగితే వంగేది అక్కడే. గేర్లను మరలా కాక పక్కనుంచి తొడిగే క్యాసెట్ హబ్బులో బేరింగ్ బయటి చివరికి జరిగి ఉంటుంది, అందుకే ఆ దెబ్బకు ఓర్చుకుంటుంది. దుకాణంలో అడగాల్సింది ‘ఎన్ని స్పీడ్లు’ అని కాదు, ‘ఫ్రీవీలా, క్యాసెట్టా’ అని.

ఇక అసలు సంగతి సైజు. ఈ మాట తమ ఒంటి మీద ఎక్కడా కనిపించదు. అంగట్లో అందరికీ ఒకటే ఫ్రేము చూపిస్తారు. పిల్లగాడైతే ‘పెరుగుతడు తియ్యి’ అంటారు, పెద్దమనిషైతే ‘సీటు దించుకుంటే అయిపాయె’ అంటారు. సీటు దించితే ఫ్రేము పొడవు తగ్గదు కదా! హ్యాండిల్ దూరమై నడుం లాగుతుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, దిగుడులో ముందు చక్రం మీద బరువు పెట్టలేక అది జారిపోతుంది.

కొలత కష్టమేం కాదు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడాలి. కాళ్ల మధ్య ఒక లావు పుస్తకం నిటారుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలిచి 0.883తో హెచ్చవేయాలి. 78 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, దాదాపు 69 అవుతుంది. రెండు పెడల్ కడ్డీలూ కలిసే ఇరుసు నడిమధ్య నుంచి సీటు పై దాకా ఉండాల్సిన ఎత్తు అదే. లెక్క ఇష్టంలేనివాళ్లు పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టి చూసుకోవచ్చు, మోకాలు పూర్తిగా చాచుకోవాలి. మనవైపు అలవాటేమో రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించుకోవడం. మోకాలి చిప్ప దగ్గర నొప్పి పుట్టేది చాలావరకు అందుకే, గుట్ట ఎక్కలేకపోయేదీ అందుకే. ఫ్రేము పై పైపుకు ఇరువైపులా కాళ్లు పెట్టి నిలబడితే కనీసం 5 సెంటీమీటర్ల సందు మిగలాలి. సీటు పోస్టు మీద ‘మినిమమ్’ గీత బయటికి కనిపించేదాకా లాగాల్సి వస్తే ఫ్రేము చిన్నదని అర్థం. గుట్ట దిగేటప్పుడు సీటు నాలుగైదు సెంటీమీటర్లు దించుకుంటే ఒళ్లు కదపడానికి జాగా దొరుకుతుంది. ఆ పని బొటనవేలితో మీట నొక్కి చేసేదే డ్రాపర్ పోస్టు. ఇది సోకు అనేవాళ్లున్నారు. ఒక్కసారి తొక్కినవాళ్లెవరూ అనరు.

ముళ్ల దగ్గరికొద్దాం. తమరు ‘ఆల్ టెర్రైన్’ అని కూడా వేసుకున్నారు. ఆ టెర్రైన్‌లో సర్కారు తుమ్మ ఉందని ఎవరైనా తమ చెవిన వేశారా? చెరువు శిఖం, కాల్వ గట్టు, పడావు పడ్డ చెల్క, ఎక్కడ చూసినా అదే. దానికి తోడు రేగుకంప, పల్లేరుకాయ. ట్యూబు టైరులో ముల్లు దిగితే పైకి కనిపించే మొదలు విరిగిపోతుంది, మొన టైరు లోపలే ఉండిపోతుంది. దాన్ని తీయకుండా ప్యాచ్ వేసి బిగిస్తే పావుగంటలో మళ్లీ అదే చోట తుస్సు. వేలితో తడిమితే వేలికి దిగుతుంది కాబట్టి దూది గానీ పాత బనీను ముక్క గానీ టైరు లోపల గుండ్రంగా తిప్పాలి, పోగు తట్టుకున్న చోట మొన ఉంటుంది. బయటినుంచి టైరు వంచి, పట్టకారుతో పీకాలి. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలుంటే మాత్రం ముల్లును తిట్టకండి. గాలి తక్కువై, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిన గుర్తు అది.

ట్యూబ్‌లెస్ చేసుకుంటే ఈ పురాణంలో ముప్పావు వంతు మాయం. 29 అంగుళాల, 2.3 వెడల్పు టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లు పూడ్చే ద్రవం. ముల్లు దిగితే కాస్త తెల్లగా చిమ్మి అదే మూసుకుంటుంది. దారిలో ముల్లు పీకే సాహసం చేయకుండా ఇంటికొచ్చాక చూసుకోవడం మేలు. ఏప్రిల్, మే ఎండలకు సీలెంట్ రబ్బరు ముద్దలా గడ్డకడుతుంది. రెండు నెలలకోసారి టైరు ఊపి చూడాలి. లోపల చప్పుడు లేకపోతే కొత్తది పోయాలి.

గాలి విషయంలో పంచర్ దుకాణంలో ‘గట్టిగ కొట్టిన అన్నా, నెల దాక సూడనక్కర్లే’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ వద్దు. టైరు పక్కన 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) అని రాసి ఉండేది పరిమితి, అంతదాకా ఎక్కించమని ఆజ్ఞ కాదు. 70 కిలోల మనిషికి ట్యూబుతో ముందు 26, వెనక 30 పీఎస్ఐ. ట్యూబ్‌లెస్ అయితే 22, 25తో మొదలుపెట్టి రెండేసి చొప్పున సర్దుకోవచ్చు. గట్టి టైరు మొరం రవ్వల మీద ఎగిరి జారుతుంది, మెత్తనిది రవ్వను కరుచుకుని పోతుంది. కొత్త సైకిళ్లకు సన్న వాల్వు వస్తుంది, అది మన దుకాణాల పంపుకు పట్టదు. వేలెడంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పడేసుకోవాలి.

ఫోర్కు స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసేదైతే, మొత్తం 120 మిల్లీమీటర్ల దాకా అణిగేదైతే, మనిషి ఎక్కి నిలబడగానే 24 నుంచి 30 మిల్లీమీటర్లు అణగాలి. కడ్డీ మీద రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని కిందికి నెట్టి, ఎక్కి, కుదుపు లేకుండా దిగి కొలవడమే. ఎక్కువ అణిగితే షాక్ పంపుతో గాలి పెంచాలి, మామూలు పంపు దీనికి పనికిరాదు. బ్రేకులు హైడ్రాలిక్, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసేవి అయితే ఒక్క వేలు చాలు. సర్వీసింగ్ సెంటరులో నీళ్లు కొట్టి, చివర్న మెరుపు కోసం డీజిల్ చల్లుతామంటే మాత్రం సైకిల్ ఎత్తుకుని పరుగెత్తండి. బ్రేకు ప్యాడ్లు నూనె తాగాయంటే కీచుమంటాయి, బ్రేకు పట్టదు. ఇక కొత్తవి వేయడమే.

ఇవన్నీ కుదిరిన సైకిల్ ఎక్కితే ఎలా ఉంటుందో తమకు తెలిసే యోగం లేదు కనుక చెబుతున్నాం. రాచకొండ వైపు పొడి గ్రానైట్ బండల మీద లావు టైరు పట్టిన పట్టు విడవదు. పెడళ్లు రెండూ ఒక మట్టాన పెట్టి, సీటు మీంచి లేచి, మోచేతులు బయటికి వంచి దిగుతుంటే సైకిల్ కిందెక్కడో తన తిప్పలు తను పడుతుంటుంది, తల మాత్రం నిలకడగా వెళ్తుంటుంది. బండ మీద పేరుకున్న రవ్వల దగ్గర మాత్రం ముందు బ్రేకు వదిలేసి, సైకిల్‌ను నిటారుగా పోనివ్వాలి. కింద ఆగాక మళ్లీ పైకి చూడాలనిపిస్తుంది. ‘ఇక మన వల్ల కాదు’ అన్న పెద్దమనుషులే ‘ఇంకోసారి ఎక్కుదామా’ అంటున్నారు. మోకాళ్లు అవే, గుట్ట అదే.

తమరు ‘జంగిల్ కింగ్’ అని కూడా ఎక్కడో వేసుకున్నట్టు గుర్తు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో నిజంగానే వేరే రాజులున్నారు, అటవీశాఖ అనుమతి లేకుండా లోపల తిరగడం నేరం. వానాకాలం రేగడి పొలాల బాట కూడా వద్దు. ఆ మట్టి టైరుకు చుట్టుకుని ఫ్రేము దగ్గర ఇరుక్కుందంటే చక్రం తిరగదు, భుజాన మోయాల్సిందే. పైగా తడి బాట మీద మనం చేసిన గాడి ఎండాకాలం దాకా ఎడ్లబండికీ ట్రాక్టరుకూ అడ్డం.

ఇట్లు,
మట్టిబాట మనుషులు

తా.క. తమకు దిగువన, పెడల్ దగ్గర, గోరంత స్టిక్కర్ ఇంకొకటి ఉంటే ఉండొచ్చు. అందులో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వర్గం అంకె వేస్తారు, లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. 2 అంటే కంకరబాట, 15 సెంటీమీటర్లకు మించి ఎగిరి దూకకూడదు. 3 అంటే రాళ్లబాట, 61 సెంటీమీటర్ల దాకా సరే. ఎక్కడా ఏ అంకే లేకపోతే తారురోడ్డుకే అనుకోవడం క్షేమం. ఆ చిన్నాయన్ని కదపొద్దనీ, తమను మాత్రం హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వేడిచేసి, అంచు పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగమనీ కొన్నవాళ్లకు చెప్పాం. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాయమన్నాం. చుక్క కూడా బ్రేకు డిస్కు మీద పడకూడదని మరీ మరీ చెప్పాం.