వర్తించనిది కొట్టివేయుము

ప్రభుత్వానికీ మతానికీ మధ్య గోడ ఉండాలనీ, ఆ గోడకు కిటికీ కూడా పెట్టకూడదనీ వాదించేవాళ్లలో నేనొకణ్ణి. ఈ వాదన ఇరవై ఏళ్లుగా వింటున్న మా బావమరిది మొదట్లో చెవులు మూసుకునేవాడు. ఇప్పుడు నేను మొదలుపెట్టగానే కళ్లు మూసుకుంటున్నాడు.

నా ఇంటిపేరులో ఎవరో గుమాస్తా ఒక అక్షరం తప్పు రాసిన పాపానికి, అది తప్పేనని నేను ప్రమాణపత్రం సమర్పించవలసి వచ్చింది. గడువు సోమవారం, నేను కార్యాలయానికి చేరింది శనివారం, అదీ మూసే వేళకు. పత్రంలో "దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను" అని ఒక వరుస, "మనస్సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను" అని దాని కింద మరొక వరుస, వాటి పక్కన "వర్తించనిది కొట్టివేయుము" అనే ఆజ్ఞ కనిపించేసరికి నా సిద్ధాంతానికి ఇన్నాళ్లకు పని దొరికిందని పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడే వెనకనున్న పెద్దాయన "ఏది కొట్టెయ్యాలి బాబూ?" అని అడిగారు. ఆయన అడిగింది ఒక్క ముక్క. నేను మాత్రం 1880లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడి దగ్గర మొదలుపెట్టి, దేవుడి పేరు లేకుండా ధ్రువీకరిస్తానన్నందుకు ఆయనను సభలో కూర్చోనివ్వలేదనీ, సరే ప్రమాణమే చేస్తానంటే నమ్మకం లేనివాడి ప్రమాణం చెల్లదన్నారనీ, ఒక రాత్రి గడియారపు బురుజులో బంధించారనీ, ఓటర్లు పట్టు విడవకుండా మళ్లీ మళ్లీ గెలిపించగా 1886లో గాని ఆయనకు కుర్చీ దక్కలేదనీ, దేవుడి పేరెత్తకుండా ధ్రువీకరించే హక్కు అందరికీ ఇచ్చే చట్టం 1888లో వచ్చిందనీ ఏకబిగిన వివరించాను. ఆ ఆవేశంలో నా కలం తన పని తాను చేసుకుపోయింది. చూసుకునేసరికి కొట్టేసింది మనస్సాక్షిని, మిగిలింది దైవసాక్షి. కంగారుపడి దాన్నీ కొట్టేశాను. పెద్దాయన మాత్రం తనకు కావలసిన వరుస ఉంచుకుని, ముద్ర వేయించుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

గుమాస్తా పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయ్యా, దేవుణ్ణీ కొట్టేశారు, మనస్సాక్షినీ కొట్టేశారు. ఇక మీరు చెప్పేది నిజమనడానికి సాక్షి ఎవరండీ?"

1825లో అమెరికా అధ్యక్షుడిగా జాన్ క్విన్సీ ఆడమ్స్ చట్టాల పుస్తకం మీద చేయి ఉంచి ప్రమాణం చేశాడనీ, 1963లో విమానంలో లిండన్ జాన్సన్ చేతికి బైబిలని ఇచ్చింది నిజానికి కాథలిక్కుల ప్రార్థన పుస్తకమనీ, అయినా అధ్యక్ష పదవికి ఏమీ కాలేదనీ చెప్పాను.

"వాళ్ల ఇంటిపేర్లలో తప్పు లేదు కదండీ," అన్నాడతను. కొత్త పత్రాలిచ్చే కిటికీ అప్పటికే మూసేశారు.

"అయితే రేపు వస్తాను."

"రేపు ఆదివారం."

ఆదివారపు సెలవు వెనక ఉన్నది క్రీ.శ. 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఇచ్చిన శాసనమని నాకు తెలుసు. దాన్ని వదిలించుకోవాలని 1793లో ఫ్రెంచి విప్లవకారులు పది రోజుల వారం పెట్టారు. తొమ్మిది రోజులు పనిచేసి పదో రోజు విశ్రాంతి తీసుకోవడానికి దేవుణ్ణి కాదన్నవాళ్లకైనా ఒళ్లు ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. 1929లో సోవియట్ ప్రభుత్వం ఐదు రోజుల వారం తెచ్చి, మనిషికొక రోజు సెలవిచ్చి, భార్యకు తీరిక ఉన్న రోజున భర్తను పనికి పంపించి, 1940లో మళ్లీ ఆదివారం దగ్గరికే వచ్చింది. అంతటి రాజ్యాలే ఓడిపోయిన చోట మూసిన కిటికీ ముందు నేను చేయగలిగిందేమిటని, "సోమవారమే వస్తాను లెండి," అన్నాను.

"సోమవారం తెరుస్తామో లేదో రేపు రాత్రికి గాని తెలియదండీ. నెలవంక కనబడితే సోమవారం పండుగ సెలవు, కనబడకపోతే మంగళవారం."

తుర్కియేలో ఖగోళ గణితంతో లెక్కకట్టి ఇలాంటి తేదీలను ముందే ప్రకటిస్తారని చెప్పబోయాను గాని, అతను అప్పటికే దీపం ఆర్పేశాడు.

ఆదివారం సాయంత్రం సూర్యుడు కుంగకముందే మేడ ఎక్కాను. గోడకు కిటికీ కూడా వద్దన్నవాణ్ణి, రాజ్యపాలన ఆకాశంలో ఏ మూల నుంచి తొంగిచూస్తుందోనని మెడ నొప్పెట్టేలా పడమటి దిక్కుకు చూస్తూ నిలబడ్డాను. అదృష్టవశాత్తూ అక్కడొక పెద్ద మబ్బు ఉంది. దురదృష్టవశాత్తూ అది కదులుతోంది.

"దేవుడా, ఒక్క అరగంట దాన్ని అక్కడే ఉంచు తండ్రీ!"

వెనక ఎవరో దగ్గినట్టయింది. మెట్ల మీద మా బావమరిది, ఇరవై ఏళ్లలో మొదటిసారిగా, కళ్లు బాగా తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"బావగారూ, ఇప్పుడన్నది దైవసాక్షిగానా, మనస్సాక్షిగానా? వర్తించనిది మీరే కొట్టేసుకోండి."