వలస వేరు, శరణు వేరు
వలసల మీద మీరు రాసిన వ్యాసంలో వలస కూలీలనూ శరణార్థులనూ ఒకే గాటన కట్టేశారు, అది తప్పండి. మాది అనంతపురం. వానల్లేక శెనక్కాయ ఎండిపోయిన ఏడు మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి, అందరూ బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోతారు, కానీ ఉగాదికి బస్సెక్కి ఇంటికొస్తారు. శరణార్థికి ఆ దారి లేదు, వెనక్కి పోతే ప్రాణమే పోవచ్చు. శరణార్థుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 33వ అధికరణం చెప్పేది అదే, జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం వల్ల ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదని. మనదేశం దానిపై సంతకం చేయలేదు, నిజమే. అయినా 1996లో, అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, మన రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇస్తుందని చెప్పింది కదా, ఆ ముక్క ఎందుకు రాయలేదు?