తాళికి ముందు కాగితం

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబాల్లో పెళ్లి ప్రస్తావన రాగానే ముహూర్తం ఎప్పుడు, హాలు ఎక్కడ, వంట ఎవరిది, పురోహితుడు ఎవరు అన్న ప్రశ్నలన్నీ తేలాక, చివర్లో ఎవరో ఒకరు "రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూసుకుందాంలే" అంటారు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. టెక్సస్‌లో కౌంటీ (మన జిల్లా వంటిది) క్లర్క్ కార్యాలయం వధూవరుల చేతిలో పెట్టేది రిజిస్ట్రేషన్ పత్రం కాదు, పెళ్లి చేసుకోవడానికి ముందుగా ఇచ్చే అనుమతి. దాన్ని రిజిస్ట్రేషన్ అని పిలిచినంత కాలం మనం దాన్ని తర్వాత చూసుకునే పనుల్లోనే వేస్తూ ఉంటాం.

ఈ అలవాటు మనకు ఇంటి నుంచే వచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, సప్తపది ఆచారంగా ఉన్న పెళ్లిలో ఏడో అడుగు పడగానే వివాహం పూర్తయినట్టే. 8వ సెక్షన్ కింద చేయించుకునే నమోదు, జరిగిపోయిన పెళ్లికి సాక్ష్యం మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన తర్వాత కూడా ఈ వరస మారలేదు. ముందు తాళి, ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసు. మా తరంలో చాలామంది వీసా ఇంటర్వ్యూ దగ్గర పడ్డాకే శుభలేఖ, పెళ్లి ఫొటోలు పట్టుకుని ఆ ఆఫీసు మెట్లెక్కారు.

ఇక్కడ ఆ వరస తలకిందులవుతుంది. వధూవరులు ఇద్దరూ గుర్తింపు పత్రాలతో స్వయంగా హాజరై, దరఖాస్తులో రాసినదంతా నిజమని ప్రమాణం చేసి లైసెన్సు తీసుకోవాలి. అది జారీ అయిన గడియ నుంచి 72 గంటలు గడిచేదాకా పెళ్లి జరగకూడదు. 90 రోజుల లోపల జరగకపోతే ఆ లైసెన్సు చెల్లదు. పెళ్లి జరిపించినవారు అందులో తేదీ, కౌంటీ పేరు నింపి, సంతకం చేసి, 30 రోజుల్లోగా క్లర్కుకు తిరిగి చేర్చాలి. మనం రిజిస్ట్రేషన్ అనుకునేది నిజానికి ఆ తర్వాత, మనం ఎదురుగా లేనప్పుడు జరిగే పని.

72 గంటల నిబంధన మన పెళ్లిళ్లకు ఎక్కడ అడ్డుపడుతుందో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. శనివారం ఉదయం పదిన్నరకు సుముహూర్తం అయితే, బుధవారం ఉదయం పదిన్నరలోపే లైసెన్సు చేతికి వచ్చి ఉండాలి. థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం పెళ్లి పెట్టుకుంటే మంగళవారం ఉదయమే ఆఖరు. కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేస్తూ, సెలవు దొరక్క బుధవారం రాత్రి విమానం దిగే పిల్లలకు ఇది ఎలా కుదురుతుంది? సైన్యంలో ఉన్నవారికి మినహాయింపు ఉంది, జడ్జి అనుమతి ఉన్నా ఆ 72 గంటలు ఆగక్కర్లేదు. కనీసం 8 గంటల వివాహపూర్వ శిక్షణ పూర్తి చేసిన జంటకు ఈ నిరీక్షణ అక్కర్లేకపోగా, రుసుములో 60 డాలర్లు కూడా తగ్గుతాయి. సంగీత్ నాట్యాలకు వారాల తరబడి రిహార్సల్స్ చేసే పిల్లలు కాపురం గురించి 8 గంటలు వింటే నష్టమేమీ లేదు. అయితే అన్నిటికన్నా తేలిక మార్గం, 90 రోజుల గడువును వాడుకోవడం. హాలు చూడడానికో చీరలు కొనడానికో రెండు నెలల ముందు ఇద్దరూ కలిసి వచ్చినప్పుడు, ఒక పని దినాన కౌంటీ కార్యాలయానికి వెళ్లి వస్తే సరిపోతుంది. ఏ కౌంటీలో తీసుకున్నా రాష్ట్రమంతటా చెల్లుతుంది.

దరఖాస్తులో మన వాళ్లు చదవకుండా సంతకం పెట్టే చోటు ఒకటుంది. వధూవరులకు ఫలానా ఫలానా బంధుత్వాలు లేవని చేసే ప్రమాణం అది. మేనమామ వరస అందులో ఉండడం అలా ఉంచితే, 2005 నుంచి తల్లిదండ్రుల తోబుట్టువుల బిడ్డలు కూడా ఆ జాబితాలో చేరారు. అంటే సొంత మేనత్త కొడుకునో మేనమామ కూతురినో చేసుకునే మేనరికానికి టెక్సస్ కౌంటీ లైసెన్సు ఇవ్వదు. హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట ఇలాంటి సంబంధాలను అంగీకరిస్తుంది కనుక, మన పెద్దలకు ఇది విడ్డూరంగా తోచవచ్చు. మేనరికం మంచిచెడ్డలు వేరే చర్చ. ప్రమాణం చేసి అబద్ధం రాయడం మాత్రం ఏ ఆచారంలోనూ లేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మన పద్ధతి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినందుకు వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అనే మూడక్షరాల ముద్దుపేరు తెచ్చుకున్నవారి అవస్థ అందరికీ తెలిసిందే. పాస్‌పోర్టులో ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయించుకుని, కిటికీ దగ్గర నుంచి కదలకముందే చదువుకోవడం మంచిది.

ఇక పురోహితుడు. దేవాలయం వంటి మతసంస్థ పెళ్లిళ్లు జరిపించే అధికారం ఇచ్చిన వ్యక్తి సంతకాన్ని టెక్సస్ చట్టం అంగీకరిస్తుంది. వేరే సాక్షులను కూడా అడగదు. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఇంటి పురోహితుడితో మంత్రాలు చెప్పించుకోవాలనుకుంటే, సంతకం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. తేదీ విషయంలోనూ ఒక చిక్కుంది. పంచాంగం రోజును సూర్యోదయం నుంచి లెక్కిస్తుంది కనుక మన శుభలేఖల్లో "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని వేసుకుంటాం. కౌంటీకి అర్ధరాత్రి దాటితే ఆదివారమే.

ఇంతవరకు చెప్పినవి జాగ్రత్తతో సరిదిద్దుకోగల విషయాలు. నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి. వీసా గడువు ముంచుకొస్తోందనో, గ్రీన్‌కార్డు దరఖాస్తు త్వరగా వేయాలనో, అసలు పెళ్లికి ఆరునెలలో ఏడాదో ముందు జంటను కౌంటీకి పంపి, జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక జడ్జి ఎదుట నిలబెట్టి, బంధువులకు మాత్రం "ఇంకా పెళ్లి కాలేదు, ఊరికే రిజిస్ట్రేషన్ చేయించాం" అని చెప్పే పద్ధతి మనలో పాతుకుపోయింది. భారతదేశంలోనూ ఇలాంటిది జరుగుతోందని 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ప్రస్తావించింది. వీసా వంటి అవసరాల కోసం, పెళ్లితంతు ముందుముందు జరుపుకుందామనుకుని నమోదు పత్రం తెచ్చుకుంటున్నారని, తంతు జరగనిదే ఆ పత్రంతో హిందూ వివాహం ఏర్పడదని అక్కడ తేల్చి చెప్పారు. ఆ మాట విని ఇక్కడి కాగితం కూడా అంతేనని ధైర్యపడితే పప్పులో కాలేసినట్టే. టెక్సస్‌లో లైసెన్సు తీసుకుని జడ్జి ముందు ఔనన్న జంట ఆ రోజు నుంచి సంపూర్ణంగా భార్యాభర్తలు. అప్పటి నుంచి ఇద్దరి సంపాదనకూ, పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే ఈ రాష్ట్రపు ఉమ్మడి ఆస్తి నియమం వర్తిస్తుంది. డిసెంబరు 31 నాటికి వివాహితులైతే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది మొత్తానికీ వివాహితులే. మేలో తాళి కడతారు కదా అని ఏప్రిల్‌లో అవివాహితులుగా పత్రాలు దాఖలు చేయడం తప్పు. కాబోయే జీవిత భాగస్వామి కోసం ఇచ్చే వీసాకు వారిక అర్హులు కారు. ఈ మధ్యలో మనసులు విరిగితే, నిశ్చితార్థం రద్దయిందని చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు, విడాకులు తీసుకోవాల్సిందే. అలాంటి ఒక కుటుంబాన్ని దగ్గర నుంచి చూశాను. మండపం ఎక్కని పెళ్లికూతురు తర్వాతి సంబంధం చూసేవారికి తాను విడాకులు తీసుకున్నదాన్నని వివరించాల్సి వచ్చింది.

వీసా ఒత్తిడి నిజమైనదే, దాన్ని నేను తేలిక చేయడం లేదు. అగ్నిసాక్షిగా జరిగిందే పెళ్లి అనే పెద్దలనూ తప్పుపట్టను. అందుకే అవకాశం ఉన్నవారు లైసెన్సును ముందే తెచ్చి పెట్టుకుని, తలంబ్రాలయ్యాక పురోహితుడి చేత మండపంలోనే సంతకం చేయించుకోవాలని నా అభిప్రాయం. అప్పుడు శుభలేఖలోనూ కౌంటీ పుస్తకంలోనూ ఒకే పెళ్లి ఉంటుంది. ముందుగా కౌంటీ పెళ్లి తప్పనిసరైన వారు దాన్ని పెళ్లి అనే పిలవాలి, ఇద్దరు పిల్లలకూ, రెండు వైపుల తల్లిదండ్రులకూ అది పెళ్లేనని ఆ రోజే తెలిసి ఉండాలి. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా ఇచ్చే పురోహితుల జాబితాలో ఎవరికి సంతకం చేసే అధికారం ఉందో కూడా వేస్తే బాగుంటుంది.

ఇంకొక్క మాట. సంతకమైన లైసెన్సును క్లర్కుకు చేర్చవలసిన బాధ్యత చట్టరీత్యా పురోహితుడిదే అయినా, తపాలా పని ఆయనకు వదిలేయకండి. మీ పెళ్లి పూర్తయ్యేసరికి ఆయన చేతిసంచి సర్దుకుని, పక్క ఊళ్లో గృహప్రవేశానికి బయలుదేరుతూ ఉంటారు.