పాదరస ఉష్ణమాపకం గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఉభయకుశలోపరి. మీ కుశలం మైనస్ 38.83 డిగ్రీల సెల్సియస్ వరకేనని తెలిసి కూడా మర్యాద కోసం ఆ మాట రాస్తున్నాను.

చురుకైన బుర్రను పాదరసంతో పోల్చి మెచ్చుకుంటూ పెరిగినవాళ్ళం. ఆ చురుకంతా ఒక హద్దు దగ్గర గడ్డకడుతుందనీ, ఆపైన చలి ఎంత ముదిరినా మీలో చలనం ఉండదనీ మాకు ఆలస్యంగా తెలిసింది. చైనాలోని హార్బిన్‌లో మంచుతో కట్టిన భవనాలను జనం తీరిగ్గా తిలకించేటంత చలిలో మీరు అంకెలు చక్కగానే అప్పజెబుతారు. అసలు చలి మొదలయ్యే వేళకు బిగుసుకుపోతారు. ఉత్తరకుమారుడు సైతం రథమెక్కి వెళ్ళి, కౌరవసేనను కళ్ళారా చూశాకే వెన్ను చూపాడు.

మీరు ఆగిన చోట సైబీరియాలోని యాకుత్స్క్ నగరం రోజువారీ పనులకు బయలుదేరుతుంది. మూడు లక్షలకు పైగా జనమున్న ఆ ఊళ్ళో జనవరి సగటు చలే మీ ఘనీభవన స్థానానికి దగ్గర దగ్గరగా ఉంటుంది. 1891 ఫిబ్రవరిలో ఒకనాడు అక్కడి చలి మైనస్ 64.4 దాకా పోయింది. చిన్న తరగతులకు బడి మూయాలంటే సుమారు మైనస్ 45 కావాలి కనుక, ఒకటో తరగతి పిల్లవాడు సంచి తగిలించుకుని వీధిలోకి వచ్చేసరికి తమరు సెలవు పుచ్చుకుని ఐదారు డిగ్రీలు దాటి ఉంటుంది. బజారులో ఆరుబయట నిలబడిన అమ్మకందారు, గడ్డకట్టిన చేపలను కట్టెపుల్లల్లా పెట్టెలో నిలువుగా గుచ్చి ఉంచుతుంది. తన ఊపిరే తెల్లగా పేరుకుని రెప్పలు అంటుకుపోతుంటే, చేతితొడుగుతో వాటిని తుడుచుకుని మళ్ళీ చిల్లర లెక్కపెడుతుంది.

కెనడాలోని వినిపెగ్‌లోనైతే రాత్రివేళ కారు ఇంజనుకు కరెంటు తీగ తగిలించి వెచ్చబెడతారు. అడిగితే మీకూ ఒకటి తగిలించేవారేమో.

బిగుసుకోవడంతో ఊరుకున్నా క్షమించేవాణ్ణి, కానీ మీరు అబద్ధం కూడా ఆడారు. 1735 జనవరిలో సైబీరియాలోని యెనిసేస్క్‌లో ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ మిమ్మల్ని నమ్మి మైనస్ 120 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 84 సెల్సియస్, అని రాసుకున్నాడు. చలి అంత లేదు. గడ్డకట్టేటప్పుడు మీరే ముడుచుకుని గొట్టంలో కిందికి జారిపోయారు. పాదరసం గడ్డకడుతుందన్న అనుమానమే అప్పట్లో లేనందువల్ల మీ గుట్టు బయటపడలేదు. 1759 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త మంచునూ నత్రికామ్లాన్నీ కలిపి మిమ్మల్ని గడ్డకట్టించాక తెలిసింది, మీరు సుత్తి దెబ్బలకు సాగే మామూలు లోహమేనని.

సెల్సియస్, ఫారన్‌హీట్ అనే దాయాదులు జీవితంలో ఒక్కచోటే, మైనస్ 40 దగ్గరే, ఒక్కమాట మీదికి వస్తారు. ఆ రాజీకి పెద్దమనిషిగా కూర్చోవలసిన తమరు డిగ్రీ పైచిలుకు ముందే సభలోంచి లేచిపోతారు.

మీ ఉద్యోగం ఇప్పుడు ఆల్కహాలు చేస్తోంది. తాగినవాడి మాట నమ్మరాదని లోకం అంటుంది గానీ, 1983లో అంటార్కిటికాలోని వోస్తోక్‌లో నమోదైన మైనస్ 89.2 దగ్గర సైతం గడ్డకట్టనిది అదే. దాని హద్దు మైనస్ 114.

జవాబు రాయదలిస్తే తొందర లేదు, కరిగాకే రాయండి.

ఇట్లు,
మైనస్ 39 దగ్గర మీకోసం నిలబడి ఉన్న
ఒక పాఠకుడు