ఎదుట నిలిచింది ఎవరో చూడరా?

బాక్సర్ పేరు ఎత్తగానే మనవాళ్లు అడిగేది ఒక్కటే: ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు? ఎవరి మీద అని అడిగే ఓపిక మాత్రం ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మన నిఖత్ జరీన్ సంగతే చూడండి. నిజామాబాద్ అమ్మాయి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. అంతటి బాక్సర్‌కు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (మేటి బాక్సర్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా ఇచ్చే ర్యాంకు) లేదు! దాంతో రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. నిఖత్ 0-5తో ఓడింది. ఇంకేముంది, ప్రిక్వార్టర్స్ కూడా దాటలేకపోయిందని పెదవి విరిచారు. ఆ వూ యూనే చివరికి 50 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిందని ఎంతమంది పట్టించుకున్నారు? ఎవరు ఎవరితో తలపడాలో తేల్చే పట్టిక(డ్రా)లో మరోవైపు పడి ఉంటే వాళ్లిద్దరూ ఫైనల్ దాకా ఎదురుపడేవారే కారు. నిఖత్‌కు పతకం ఖాయమయ్యేదని అనను. కానీ ఆ ఓటమిని మామూలు ఓటముల లెక్కలో వేయడం అన్యాయం.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోనూ ఇదే తంతు. అమెరికా బాక్సర్ మేవెదర్ 50-0, అంటే ఒక్క ఓటమీ లేదని మురిసిపోతారు. ఆ యాభయ్యో విజయం 2017లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది, ఆ మెక్‌గ్రెగర్‌కు అదే తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ! ముహమ్మద్ అలీ అయిదుసార్లు ఓడాడని వేలెత్తి చూపుతారు. లిస్టన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్ లాంటి హెవీవెయిట్ దిగ్గజాలతో తలపడ్డ మనిషికి అవి మచ్చలా? ఆ అయిదు ఓటముల్లో చివరి రెండూ 38, 39 ఏళ్ల వయసులో, ఒంట్లో మునుపటి వేగం లేని రోజుల్లో ఎదురైనవని ఒక్కరూ చెప్పరు.