ముక్కులో గొట్టం ఉంటే గొంతుకు సెలవా?

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టే ముందు రోగిని పళ్ళ డాక్టరు దగ్గరకు పంపుతారు. పుచ్చిన పళ్ళు అలాగే ఉంటే తర్వాత దవడ ఎముక దెబ్బతింటుందని భయం. ఆపైన తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు మొహానికి చేస్తారు, సీటీ తీస్తారు. ఇంత హడావిడిలోనూ మనిషి ఎలా మింగుతున్నాడో చూసేవాళ్ళు చాలాచోట్ల ఉండరు. పళ్ళ చీటీ రాసిన రోజే మింగుడు పరీక్షకూ చీటీ రాయాలన్నది నా వాదన.

మన దేశంలో మగవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటిదే. గుట్కా, ఖైనీల సంగతి అందరికీ తెలుసు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ కూడా డాక్టర్లకు దశాబ్దాలుగా తెలిసిందే.

చికిత్స ఆరేడు వారాలు. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరంతా పూస్తుంది, ఉమ్మి జిగురవుతుంది, మంచినీళ్ళు తాగినా మంటే. తిండి తగ్గి బరువు పడిపోతుంది. అప్పుడు కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. లావుపాటి మనిషిలో అది కంటికి ఆనదు. ముందే తీసిన సీటీలో మెడ మూడో వెన్నుపూస దగ్గర కండ ఎంతుందో కొలవొచ్చు, ఇంకో స్కాన్ అక్కర్లేదు. అయినా ఆ లెక్క అడిగేవాళ్ళు తక్కువ.

దీనికి తోడు ఇంట్లో పథ్యం. గంజి, జావ, కొబ్బరినీళ్ళు. రెండు చెంచాల రాగిపిండితో కాచిన జావలో మాంసకృత్తులు రెండు గ్రాములు కూడా ఉండవు. యూరప్ పోషకాహార నిపుణుల సంఘం లెక్కన క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజూ ఒక గ్రాముకు పైనే, వీలైతే 1.5 గ్రాముల దాకా కావాలి. 50 కిలోల మనిషికి 75 గ్రాములన్నమాట. గుడ్డుకు ఆరు గ్రాములు వేసుకుని చూడండి. (కిడ్నీ జబ్బుంటే డాక్టరును అడగాలి.) అలాంటప్పుడు గుడ్డు వేడి, పెరుగు కఫం అంటూ పక్కన పెడితే ఎలా?

తినలేకపోతే ముక్కులోంచి కడుపులోకి గొట్టం (రైల్స్ ట్యూబ్) వేస్తారు, వేయాల్సిందే. తంటా అంతా ఆ తర్వాతే. గొట్టం ఉందిగా అని నోటికి పూర్తిగా సెలవిచ్చేస్తారు. మింగడానికి పనిచేసే దాదాపు 30 జతల కండరాలు ఓపక్క పనిలేక చిక్కిపోతుంటే, ఇంకోపక్క రేడియేషన్ వాటిని బిగదీస్తుంది. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి 2013లో 497 మంది రోగుల వివరాలు చూసింది. చికిత్సలో నోటితో తింటూ, మింగుడు వ్యాయామం కూడా చేసినవాళ్ళే అందరికన్నా బాగున్నారు. బాగున్నవాళ్ళే తినగలిగారేమో అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. అయితే 2012లో ఫ్లోరిడాలో 58 మందిని లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి చూసినప్పుడు కూడా వ్యాయామం చేసినవాళ్ళ గొంతు కండరాలే తక్కువ దెబ్బతిన్నాయి.

ఆ వ్యాయామాలకు యంత్రాలేవీ అక్కర్లేదు. నాలుక కొసను పళ్ళ మధ్య పట్టి ఉమ్మి మింగడం, మింగేటప్పుడు గొంతుముడి పైకి లేచాక రెండు క్షణాలు అక్కడే నిలపడం, వెల్లకిలా పడుకుని భుజాలు కదలకుండా తలెత్తి కాలివేళ్ళు చూడటం, పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్లలు పేర్చి నోరు తెరవడం. ఎవరికి ఏది పనికొస్తుందో మాత్రం స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. మాటలు రాని పిల్లలకే ఆ థెరపిస్టులని మనవాళ్ళ నమ్మకం. క్యాన్సర్ వార్డుల్లో వాళ్ళు అరుదు కావడానికి అదీ ఓ కారణమే.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తడతాం. రేడియేషన్‌తో గొంతులో స్పర్శ మందగిస్తే ఆ దగ్గే రాదు. నీళ్ళు చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తాయి. ముక్కులోంచి సన్నటి కెమెరా వేసో, మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీసో చూస్తే తప్ప బయటపడదు.

పైగా కండరాలు బిగుసుకోవడం కొందరిలో ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. చెకప్‌కు వచ్చిన మనిషిని గడ్డ మళ్ళీ వచ్చిందా అని చూసి పంపేస్తే చాలదు. అన్నం మామూలుగా తింటున్నారా, మెత్తగా పిసికించుకుంటున్నారా, భోజనానికి ఎంతసేపు పడుతోంది, తిన్నాక గొంతు గరగరలాడుతోందా అని కూడా అడగాలి.