పదిమంది లేనిదే ఆ ప్రార్థన లేదు

తండ్రి పోయిన యూదుడు పదకొండు నెలల పాటు రోజూ చదవాల్సిన ప్రార్థన ఒకటుంది. దాని పేరు కద్దిష్. అరామిక్ భాషలో ఉంటుంది. చదవడానికి ఒకట్రెండు నిమిషాలు చాలు. అందులో చావు అన్న మాటే లేదు, పోయిన మనిషి ప్రస్తావనే లేదు. మొదటి నుంచి దేవుడి స్తుతి, చివర్లో శాంతి కావాలని కోరడం, అంతే. పన్నెండు నెలలు కాకుండా పదకొండే ఎందుకు? ఎంత పాపికైనా పరలోకంలో శిక్ష పన్నెండు నెలలేనని పాత నమ్మకం. పన్నెండూ చదివితే మా నాన్న అంత పాపి అని కన్నబిడ్డలే ఒప్పుకున్నట్టవుతుందని ఒక నెల ముందే ఆపేస్తారు. ఇంత సున్నితంగా ఆలోచించిన సంప్రదాయం ఒక్క దగ్గర మాత్రం పట్టు వదల్లేదు. కద్దిష్ ఒంటరిగా చదవకూడదు. చదివేవాడితో కలిపి కనీసం పదిమంది ఉండాలి.

ఆ పదిమందినీ మిన్యాన్ అంటారు. ఇవాళ్టి యూదు జీవితంలో మనిషికి తనదైన అర్థం ఎక్కడ దొరుకుతుందని చాలాకాలంగా నడుస్తున్న చర్చకు నాకు ఈ నియమంలోనే జవాబు కనిపించింది. నేను యూదుణ్ణి కాను. అయినా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. పదిమందికి మాటిచ్చి, ఇష్టం ఉన్న రోజూ లేని రోజూ దాన్ని నిలబెట్టుకుంటూ పోతే అర్థం దాని వెనకాలే వస్తుంది. ముందు అర్థం తేలాలి, ఆ తర్వాతే ఆచారం అని కూర్చున్నవాళ్లకు రెండూ దక్కవు.

నేపథ్యం తెలిసిందే. మిశ్రమ వివాహాలు, ఖాళీ అవుతున్న సినగాగ్‌లు (యూదుల ప్రార్థనా మందిరాలు), ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన 2023 అక్టోబర్ 7 దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం ఇళ్లలోనే తెచ్చిన చీలికలు. వాటిలోకి వెళ్లను. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ 2020 సర్వేలోని అంకెలు మాత్రం చూడండి. అమెరికా యూదు పెద్దల్లో 27 శాతం మంది తమకు మతం లేదన్నారు. యూదుగా ఉండటానికి తప్పనిసరి ఏమిటంటే 76 శాతం మంది హోలోకాస్ట్‌ను, అంటే నాజీలు సాగించిన యూదుల ఊచకోతను, గుర్తుంచుకోవడం అన్నారు. యూదు ధర్మశాస్త్రాన్ని పాటించడం అన్నవాళ్లు 15 శాతం. యూదు సమాజంలో భాగంగా ఉండటం అన్నవాళ్లు 33 శాతమైతే, హాస్య చతురత అన్నవాళ్లు 34 శాతం. చచ్చిపోయినవాళ్లను తలుచుకోవడానికి అంత మంది, బతికున్న పక్కవాడితో కలిసి ఉండటానికి ఇంత తక్కువ మందా అని నాకు నిజంగా బాధేసింది.

శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రి దాకా సాగే యూదుల విశ్రాంతి దినం సబ్బాత్. అదే సర్వేలో 39 శాతం మంది దాన్ని అప్పుడప్పుడైనా తమకు అర్థవంతంగా అనిపించే పద్ధతిలో జరుపుకుంటామన్నారు. ఒకరికి అది ఫ్రెండ్స్‌తో భోజనం, ఇంకొకరికి అడవిలో నడక, మరొకరికి ఫోన్ పక్కన పెట్టడం. వినడానికి బాగానే ఉంది. కానీ ఏ అర్థమూ అనిపించని శుక్రవారం కూడా ఒకటి వస్తుంది. ఆఫీసులో టెన్షన్, ఇంట్లో గొడవ, పిల్లాడికి జ్వరం. మనకు అనిపించడం మీద నిలబెట్టిన ఆచారం సరిగ్గా ఆ రోజే కూలిపోతుంది. మనిషికి ఆచారం అవసరం పడేది కూడా ఆ రోజే.

బైబిల్ నిర్గమకాండంలో సీనాయి కొండ దగ్గర దేవుడి ఆజ్ఞలకు జనం అన్న మాట హీబ్రూలో ‘చేస్తాం, వింటాం’ అనే వరుసలో ఉంటుంది. వినడం అంటే అక్కడ అర్థం చేసుకోవడం కూడా. ముందు చేయడం, తర్వాత తెలుసుకోవడం. ఈత నేర్చుకున్నవాడికి ఇందులో వింతేమీ కనిపించదు.

పది అన్న లెక్క ఎక్కడిదో తెలిస్తే ఈ వాదనకు ఇంకా బలం వస్తుంది. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి జనాన్ని నడిపించుకొచ్చిన మోషే, వాళ్లు చేరాల్సిన కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండు మందిని పంపాడు. ఇద్దరు ధైర్యం చెప్పారు. పదిమంది హడలిపోయి వచ్చి, అక్కడి మనుషుల ముందు మనం మిడతలం అన్నారు. దేవుడికి కోపం వచ్చి, ‘సణిగే ఈ చెడ్డ సమాజాన్ని ఎంతకాలం సహించాలి’ అన్నాడు. ఆ ‘సమాజం’ అన్న మాట పట్టుకునే తాల్ముద్ (యూదు ధర్మశాస్త్ర చర్చల ప్రాచీన గ్రంథం) పండితులు ప్రార్థనకు పదిమంది కావాలని తేల్చారు. అంటే మిన్యాన్‌కు కొలతగా నిలిచింది పదిమంది భక్తులు కాదు, విశ్వాసం పోగొట్టుకున్న పదిమంది పిరికివాళ్లు! అందుకే ఎంత నమ్ముతున్నావని అక్కడ ఎవరూ పరీక్ష పెట్టరు. మనిషి వచ్చాడా లేదా అన్నదే లెక్క. ఆ లెక్క కూడా ఒకటి, రెండు అని పెట్టరు. మనుషులను అంకెలతో ఎంచకూడదని, సరిగ్గా పది మాటలున్న ఒక కీర్తన వచనం తీసుకుని మనిషికో మాట చొప్పున చదువుకుంటూ పోతారు. తొమ్మిదో మాట దగ్గర ఆగిపోతే ఎవరో ఒకరు వీధిలోకి వెళ్లి పదో మనిషిని పిలుచుకొస్తారు. నువ్వు లేకపోతే పక్కవాడు తన తండ్రికి కద్దిష్ చదవలేడు. ఒక మనిషి బతుక్కి ఇంతకంటే సూటిగా అర్థం చెప్పిన మాట నాకు ఇంకెక్కడా కనబడలేదు.

మన ఇళ్లలో మనిషి పోతే పెద్దకర్మ దాకా ఇంటినిండా చుట్టాలు. ఆ మర్నాటి నుంచి ఇల్లు బావురుమంటుంది. మాసికాలున్నా ఇప్పుడు చాలామంది అన్నీ కలిపి ఒకేసారి కానిచ్చేస్తున్నారు. కద్దిష్ అలా వదలదు. దుఃఖంలో ఉన్నవాణ్ణి పదకొండు నెలలు రోజూ ఇంట్లోంచి లాక్కొచ్చి మనుషుల మధ్య నిలబెడుతుంది.

సంప్రదాయం ప్రకారం కద్దిష్ బాధ్యత కొడుకులదే. 1916లో హెన్రియెట్టా సోల్డ్ అనే ఆవిడ తల్లి పోయింది. అప్పటికి నాలుగేళ్ల కిందటే హదస్సా మహిళా సంస్థను స్థాపించిన మనిషి ఆవిడ. ఆ తల్లికి అందరూ కూతుళ్లే, ఎనిమిది మంది. కుటుంబ స్నేహితుడొకరు మీ అమ్మకు కద్దిష్ నేను చదువుతానని ముందుకొచ్చాడు. ఆవిడ కృతజ్ఞతలు చెబుతూనే ఒప్పుకోలేదు. మా అమ్మకు కొడుకు లేడన్న లోటు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, ఈ పని నేనే చేయాలని జవాబు రాసింది. ఆచారం తనను పక్కన పెట్టిందని వదిలేసి పోవచ్చు. ఆవిడ మాత్రం బరువు అడిగి మరీ భుజానికెత్తుకుంది. అమెరికా యూదుల్లో మధ్యేమార్గపు శాఖ అయిన కన్జర్వేటివ్ ఉద్యమం స్త్రీలను మిన్యాన్‌లో లెక్కించడానికి ఒప్పుకున్నది 1973లో.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనదేం కాదు. బాధ్యత పేరుతో మనుషులను నలిపేసిన చరిత్రా ఈ ధర్మానిదే. భర్త విడాకుల పత్రం ఇవ్వకపోతే మరో పెళ్లికి వీల్లేక ఏళ్ల తరబడి ఆ పెళ్లికే బందీలైన స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఆర్థడాక్స్ అనే కరడుగట్టిన సంప్రదాయవాదుల సినగాగ్‌లలో ఆ పదిమందీ మగవాళ్లే. సంస్కరణ కోరే శాఖ అయిన రిఫార్మ్ యూదులు 1885 పిట్స్‌బర్గ్ ప్రకటనలోనే పాత ఆహార నియమాలు తమకు వర్తించవన్నారంటే ఊరికే కాదు. ఒప్పుకుంటాను. అన్యాయమైన నియమాన్ని మార్చాల్సిందే. కానీ ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకుంటే ఏమవుతుందో సబ్బాత్ చూపించింది.

సబ్బాత్ రోజు వాహనం నడపకూడదు. దానివల్ల పాటించేవాళ్లంతా సినగాగ్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఇళ్లు తీసుకుంటారు. ఎవరూ ప్లాన్ వేయకుండానే ఒక పేట తయారవుతుంది. 1950లో కన్జర్వేటివ్ ఉద్యమం, సినగాగ్‌కు వెళ్లడానికైతే కారు వాడొచ్చని సడలింపు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. నియమం సడలాక దగ్గర్లో ఉండాల్సిన అవసరం పోయింది, జనం శివార్లలో తలో దిక్కూ స్థిరపడ్డారు. అది పొరపాటని ఆ ఉద్యమ నాయకుల్లోనే కొందరు తర్వాత ఒప్పుకున్నారు.

విశ్రాంతి అనేది ఒంటరిగా తీసుకోగలిగేది కాదన్నది నేను ఎప్పటి నుంచో అంటున్న మాట. బైబిల్ ద్వితీయోపదేశకాండంలో సబ్బాత్ ఆజ్ఞ చదివితే అది ధ్యానం గురించి కాదు, కూలివాడి గురించి అని తెలుస్తుంది. నువ్వూ, నీ దాసుడూ, నీ దాసీ, నీ ఎద్దూ, నీ గాడిదా, నీ ఊళ్లో ఉన్న పరదేశీ అందరూ ఆగాలి. ఎందుకంటే ఐగుప్తులో నువ్వూ బానిసవే. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే అది 1890లో దక్కింది. ఏ కార్మికుడికీ అది సొంతంగా ఎంచుకున్న సెలవు కాదు, అందరికీ ఒకేసారి వచ్చింది కాబట్టే నిలబడింది. ఇప్పుడు ఆ సెలవును మళ్లీ ఎవరిష్టానికి వాళ్లకు వదిలేస్తున్నాం. నా ఫోన్ నేను ఆపుకోగలను. నాకు రాత్రి పదింటికి బిర్యానీ తెచ్చే కుర్రాడు తన ఫోన్ ఆపితే ఆ పూట సంపాదన పోతుంది. నా ఒక్కడికే దొరికే ప్రశాంతతను సబ్బాత్ అనలేను.

కొచ్చిలో మట్టంచేరి వెళితే 1568లో కట్టిన పరదేశి సినగాగ్ కనిపిస్తుంది. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక అక్కడి యూదుల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు. స్థానికులతో పదిమంది పూర్తికాక, బయటి నుంచి వచ్చినవాళ్లు కలిస్తేనే మిన్యాన్ అయ్యే పరిస్థితి. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఇంకో చిన్న సినగాగ్ ఉంది. అక్కడి బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలు తాము ప్రాచీన ఇజ్రాయెలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటాయి. ఆ వంశం కథ చరిత్రకు నిలుస్తుందా అన్నది వేరే చర్చ. అక్కడ మనుషులున్నారు, యూదులుగా ఇజ్రాయెల్ గుర్తింపు మాత్రం లేదు.

ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్న మాదిగ కుటుంబాలవి. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి ఉండదు. సబ్బాత్ ధర ఎంతో అమెరికా సర్వేల కంటే వాళ్లకే బాగా తెలుసు. తూర్పు యూరప్ యూదులకు ఒక సామెత ఉంది. తొమ్మిది మంది రబ్బీలు (మత గురువులు) కూడినా మిన్యాన్ కాదు, పదిమంది చెప్పులు కుట్టేవాళ్లు కూడితే అవుతుంది. కొత్తరెడ్డిపాలెం వాళ్ల తాతముత్తాతల కులవృత్తి తోలుపని.